హాజరు పట్టీ

ఆ రోజు రెండో శనివారం, కడపలో కాంటాక్ట్ తరగతి. అక్కడ పాఠం కంటే ముందు హాజరు పట్టీ వస్తుంది. అది చేతులు మారి మా బెంచీ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురం ఉండాల్సిన చోట ఇద్దరమే ఉన్నాము. మూడో మనిషి రాలేదు. ఆమె పేరుకు ఎదురుగా గడి ఖాళీగా ఉంది, పెన్ను మా చేతిలో ఉంది. ఇద్దరిలో ఎవరు గీశామన్నది ఇప్పుడు అనవసరం, గీశాము. మధ్యాహ్నం టీ అంగడి దగ్గర "మనం చేసింది తప్పా, కాదా?" అని మొదలైన మాట సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండులో దిగేదాకా తెగలేదు. ఏడాదిన్నర అయింది, ఇంకా తెగలేదు. అందుకే రాస్తున్నాము.

మేము ముగ్గురం. ఒకరు పులివెందుల వైపు తండాలో ఒంటి టీచరు బడి నడుపుతున్న సుగాలి పంతులు. ఒకరు జమ్మలమడుగు దగ్గర ఏఎన్ఎం, ఎరుకల ఇంటి ఆడబిడ్డ. ఇంకొకరు ప్రొద్దుటూరు బట్టలంగడిలో పొద్దున్నుంచి రాత్రిదాకా చీరలు విప్పి చూపి మళ్లీ మడిచిపెట్టే యానాది. ముగ్గురికీ పనులున్నాయి, పిల్లలున్నారు, అప్పులున్నాయి. ముగ్గురి వయసూ కలిపితే 120 దాటుతుంది. దూరవిద్యలో సమాజశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాము. ఈ వయసులో ఎందుకని అడిగితే మా దగ్గర ఒక జవాబు లేదు. పంతులుకు పీహెచ్‌డీ మీద ఆశ. అక్కకు చిన్నప్పుడు ఆగిపోయిన చదువు మీద పంతం. బట్టలంగడి తమ్ముడు మాత్రం "నా కొడుకు నన్ను ఒకసారైనా పుస్తకంతో చూడాల" అంటాడు.

ఇందులో నవ్వుకునే సంగతులు తక్కువేం లేవు. పరీక్ష హాలులో పంతులు దగ్గరికి ఇన్విజిలేటరు వచ్చి, గొంతు తగ్గించి, "సార్, సెల్‌ఫోను బయట పెట్టి రండి సార్" అన్నాడు. మూడో తరగతిలో ఈయన దగ్గరే ఎక్కాలు నేర్చుకున్న పిల్లోడు. ఆ మూడు గంటలూ పంతులు పక్కకు తల తిప్పలేదు. మామూలుగా కూడా తిప్పే మనిషి కాదనుకోండి, కానీ ఆ రోజు మెడ పట్టేసిందట.

బట్టలంగడి తమ్ముడి కథ ఇంకా బాగుంటుంది. డర్క్‌హైమ్ అనే ఫ్రెంచి పండితుడు 1897లో ఆత్మహత్యల మీద ఒక పుస్తకం రాశాడు, సమాజశాస్త్రంలో అది తప్పనిసరి పాఠం. మనిషి తన ప్రాణం తాను తీసుకోవడం కూడా ఒంటి మనిషి సంగతి కాదు, చుట్టూ ఉన్న సమాజం మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంది, ఎంత వదిలేసింది అన్నదాన్ని బట్టి ఉంటుందని అందులో చెప్తాడు. తమ్ముడు దాని నోట్సు రాసుకుని పట్టుచీరల అరలో పెట్టుకున్నాడు. పైన పెద్ద అక్షరాలతో 'ఆత్మహత్య' అని ఉంది. అంగడి యజమాని చూశాడు. ఏమీ అనకుండా పక్కకు పిలిచి, "ఏమప్పా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా? అప్పులోళ్లు ఎవరైనా గట్టిగా అడుగుతాండారా?" అని అడిగి, రెండు రోజులు ఇంటి పట్టున ఉండమని జీతం పట్టకుండా సెలవిచ్చాడు. పరీక్షకు సరిగ్గా ముందు రెండు రోజులు! తమ్ముడు నోరు విప్పలేదు. ఇంటికి పోయి ఆ పాఠమే చదువుకున్నాడు. పరీక్ష అయిపోయాక వచ్చి నిజం చెప్తే యజమాని కాసేపు నవ్వి, తర్వాత, "ముందే చెప్పింటే ఇచ్చేవాణ్ని కాదులే" అన్నాడు. ఇది అబద్ధమా? తమ్ముడు ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు, మాట చెప్పాల్సిన చోట ఊరుకున్నాడు. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

చిరాకులు వేరే. గిరిజన సమాజం పాఠం చెప్పడానికి ఒక కుర్ర లెక్చరరు వచ్చాడు. తండా అంటే ఏమిటి, అందులో నాయక్ ఏం చేస్తాడు అని సుగాలి పంతులుకే గంటసేపు చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. పిల్లోడు మంచోడే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తర్వాత అసైన్‌మెంటులో సుగాలీల పెండ్లి పద్ధతి రాయమన్నారు. పంతులు తన పెండ్లినే గుర్తు తెచ్చుకుని నాలుగు పేజీలు రాశాడు. పదికి నాలుగు మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో "పాఠ్యాంశం ప్రకారం లేదు" అని ఉంది. ఇంటికి పోయి భార్యకు చూపిస్తే, "అయితే మన పెండ్లి చెల్లదా?" అందట.

ఇలాంటిది మాకే జరగలేదని తెలిసి కొంచెం ఊరట కలిగింది. ప్రొద్దుటూరులో ఏండ్ల తరబడి తెలుగు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారు చిన్న వయసులో 'పెనుగొండలక్ష్మి' కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే ఆయనకు పాఠ్యపుస్తకంగా వచ్చిందని మా ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తాను రాసిన దాని మీద తానే పరీక్ష రాయడం! ఆయనది సొంత కావ్యం, మాది సొంత బతుకు. అయితే మా బతుకు మీది పుస్తకం రాసింది మేము కాదు.

దాన్ని ఎవరు రాశారో కూడా ఈ చదువులోనే తెలిసింది. మద్రాసు మ్యూజియానికి అధికారిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి లెక్కలు రాసుకున్నవాడు. మా ముగ్గురికీ అందులో చోటుంది. ఎరుకల వాళ్లు కొరవల పేరు కింద మూడో సంపుటంలో, లంబాడీలు నాలుగో సంపుటంలో, యానాదులు ఏడో సంపుటంలో ఉన్నారు. మూడు సంపుటాల మనుషులం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే వాటర్ బాటిల్ తాగుతున్నామని అక్క అంటే లెక్చరరు కూడా నవ్వాడు.

ఇక హాజరు సంగతి.

హాజరు అనే మాట ఎరుకల ఇంట్లో ఊరికే వినబడే మాట కాదు. ఆంగ్లేయులు 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం పెట్టారు. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, కడప జిల్లా అప్పుడు అందులోనే ఉండేది. పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగల పేర్లు పట్టికకెక్కించారు. మద్రాసులో ఎరుకల వాళ్లనూ ఎక్కించారు. పట్టికలో పేరున్న మనిషి వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు పోయి హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటితే చీటీ ఉండాలి. అంతకు ముందు వీళ్లు ఏం చేసేవాళ్లు? ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా మారకం చేసేవాళ్లు. రైలు వచ్చి ఉప్పు బండెక్కాక ఆ బతుకు పోయిందని, తిరిగే మనుషులంటే సర్కారుకు అనుమానం పెరిగిందని మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిసానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వివరంగా రాశారు. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అలవాటు నేరస్థుల చట్టాల పేరుతో ఆ నీడ తర్వాత కూడా మిగిలే ఉంది.

అక్క వాళ్ల జేజి చెప్పేదట. తన నాయన రాత్రి అన్నం తిన్నాక హాజరుకు పోయేవాడు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని పోయేవాడు. పేరు పిలిస్తే పలకాలి. పలికితే ఆ రాత్రి ఎక్కడా దొంగతనం చేయలేదని రుజువు. పలకకపోతే ఎక్కడో చేసినట్టే లెక్క. జేజికి చదువు రాదు. కానీ 'హాజరు' అనే మాట వినబడితే చాలు, చేస్తున్న పని ఆపి నిలబడేదట. మనవరాలు బడికి పోయిన మొదటి రోజు టీచరు హాజరు పిలిచిందని చెప్తే, "నువ్వేం చేసినావే?" అని అడిగిందట.

టీ అంగడి దగ్గర బట్టలంగడి తమ్ముడు పట్టుకున్నది ఈ ముక్కనే. అక్క సాయంత్రం బస్సు దగ్గర మమ్మల్ని కలిసింది. శనివారం టీకాల రోజు, అందుకే ఆమె తరగతికి రాలేదు. తమ్ముడు ఆమెతో అన్నాడు: "ఈళ్ల పట్టీకి మనం ఏం బాకీ అక్కా? మీ జేజినాయన జ్వరంతో నిలబడి చెప్పిన హాజరు ఎవరి ఖాతాలో వేసినారు? ఆ పొద్దు మన పేరు రాసుకున్నోళ్లు అబద్ధం రాసినారు. ఈ పొద్దు మనం ఒక అబద్ధం రాస్తే సరికి సరి."

మాకు అది బాగానే అనిపించింది. మన సంఘాల సభల్లో కూడా ఈ తరహా మాటకు చప్పట్లు పడతాయి. అక్క మాత్రం ఒప్పుకోలేదు.

"ఈ పొద్దు పదకొండు మంది పసిబిడ్డలకు సూదులేసినా. ఆ పని వదిలి క్లాసుకు రాలేను, అది నిజం. నేను క్లాసులో లేను, అదీ నిజమే. గడి ఖాళీగా వదిలింటే నాకు మార్కులు పోయేవి. పోతే పోనీలే అనుకునే ధైర్యం నాకు లేదు, మీకూ లేదు, గీసినారు. అంతవరకే చెప్పు తమ్ముడూ. దీంట్లోకి మా జేజినాయనను తీసుకురావద్దు. ఆయన ఒక్క రాత్రి కూడా ఎగ్గొట్టలా."

ఈ మాటతో తమ్ముడు ఊరుకున్నాడు. మాకూ ఒక సంగతి తెలిసివచ్చింది. పెద్దలకు జరిగిన అన్యాయం మన దగ్గర ఉన్న పెద్ద ఆస్తి. ఆస్తి కాబట్టే చిల్లర ఖర్చులకు తీయబుద్ధేస్తుంది. ఆలస్యంగా పోయినా, అసైన్‌మెంటు పక్కవాళ్లది చూసి రాసినా, డబ్బిచ్చి ప్రాజెక్టు రిపోర్టు రాయించుకున్నా, ప్రతిదానికీ వెనక్కి తిరిగి 1871ని చూపించొచ్చు. చూపించినప్పుడల్లా ఆ ఆస్తి కొంత తరుగుతుంది. రేపు నిజంగా అడగాల్సిన చోట అడిగితే వినేవాడు నమ్మడు.

అయితే అక్క విషయంలో మేము చేసింది ఎంత తప్పు? ఎంత తర్కించినా మాకు అది చిన్నదిగానే కనబడింది. ఆమె రాకపోవడం వల్ల ఆ తరగతిలో నష్టపోయినవాళ్లు లేరు, ఆమె తప్ప. ఆ పాఠం నోట్సు తర్వాత మేమే ఇచ్చాము. తప్పు తప్పే, కానీ సూది వేయించుకున్న పదకొండు మందిని ఒక తట్టలో, ఖాళీ గడిని ఒక తట్టలో పెడితే తూకం ఎటు వాలుతుందో ఎవరికైనా తెలుసు. ఇంతటితో మాట ముగిసేది. కానీ అంతసేపూ కిటికీ బయటికి చూస్తూ కూర్చున్న పంతులు ఎర్రగుంట్ల దాటాక నోరు విప్పాడు.

అంతకు ముందు ఏడు పరీక్షలప్పుడు ఆయన ఆరు పనిరోజులు సెలవు పెట్టాడు. సెలవు మంజూరైంది. బడిలో పిల్లలు ఇరవై మందికి లోపే, టీచరు ఆయనొక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలి. 2009 నాటి చట్టం, మా తండా దాకా ఇంకా నడిచి రాలేదు. సెలవు రోజులకు పక్క ఊరి టీచరును సర్దుతామన్నారు. ఆ టీచరు రెండు రోజులు వచ్చారు. నాలుగు రోజులు ఎవరూ రాలేదు. తాళంచెవి వంట ఆయమ్మ దగ్గర ఉంది, అన్నం వండింది, పిల్లలు తిన్నారు.

పంతులు పరీక్షలు రాసి వచ్చాక చూస్తే వరండా బండ మీద చాక్‌పీసుతో గీతలున్నాయి. ఐదో తరగతి పిల్లోడు ఒకడు రోజూ పొద్దున అందర్నీ వరసగా కూర్చోబెట్టి పేర్లు పిలిచాడట. పలికిన వాళ్లకు టిక్కు పెట్టాడు. ఒక పిల్ల జొన్నచేను కావలికి పోయింది, ఆ పిల్ల పేరు దగ్గర సున్నా చుట్టాడు. అందరి కింద ఒక వరస ఎక్కువ ఉంది. అందులో "సారు" అని రాసి నాలుగు రోజులకు నాలుగు సార్లు "రాలేదు" అని రాశాడు. ఎగతాళికి కాదు. పట్టీ అంటే అందులో అందరూ ఉండాలని వాడి లెక్క.

పంతులు మాతో అన్నది ఇది: "ఫోన్లో నా సెలవు మంజూరై ఉంది. పరీక్ష హాలు పట్టీలో నేను హాజరు. సర్కారు లెక్కలో, యూనివర్సిటీ లెక్కలో నా తప్పు ఏమీ లేదు. ఆ బండ మీద మాత్రమే నేను రాలేదు. దాన్ని తడిగుడ్డతో తుడిచేసినా. తుడిచినాక అనిపించింది, ఎందుకు తుడిచినానా అని."

2022 ఆగస్టులో టీచర్లకు ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు ఈ పంతులే నీళ్ల ట్యాంకు మెట్లెక్కి సిగ్నలు కోసం ఫోను ఆకాశానికి చూపించిన సంగతి మాకు చెప్పి పడీపడీ నవ్వించాడు. ఆ యాప్‌కు ఆయన ముఖం తెలుసు. ఆయన లేని రోజున గదిలో ఏం జరిగిందో తెలియదు. తెలిసింది ఆ పిల్లోడికే.

ఇప్పుడు ఆ రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్క సంతకం దొంగ సంతకం, దాని వల్ల చెడినవాళ్లు లేరు. పంతులు సంతకం మంచి సంతకం, చట్టప్రకారం సెలవు, దాని వల్ల ఇరవై మంది పిల్లలకు నాలుగు రోజులు పోయాయి. పట్టీ ఏది తప్పంటుంది, మనసు ఏది తప్పంటుంది? పట్టీ అడిగేది మనిషి ఎక్కడున్నాడని. మనిషి ఎక్కడ లేకపోతే ఎవరికి లోటో అది అడగదు. మేము ఏడాదిన్నరగా మాట్లాడుకుంటున్నది ఈ రెండో ప్రశ్న గురించి.

దీనికి పేరు పెట్టడానికి మాకు చాలాకాలం నోరు రాలేదు. పిల్లల కాలం తీసుకుని మన పరీక్షకు వాడుకోవడాన్ని ఏమంటారు? వేరే వాళ్లయితే నవ్వుతూ "కాలం దొంగిలించాను" అనేస్తారు. మేము అనలేము. ఆ మాటను చట్టం చేసి మా నుదుటన అంటించారు. ఇప్పటికీ ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసెల వైపు చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. అందుకని మేము ఆ మాటను ఇంటి గడప దాటనివ్వకుండా పెరిగాము. అది సరైనదే. కానీ దాంతో ఒక ఇబ్బంది వచ్చింది. చేయని దొంగతనాన్ని ఒప్పుకోకుండా ఉండటం నేర్చుకున్నవాళ్లకు, నిజంగా ఒకరిది తీసుకున్న రోజున ఒప్పుకోవడం చేతకావడం లేదు. తమ్ముడు యజమాని ఇచ్చిన రెండు రోజుల దగ్గర నోరు విప్పకపోవడం, పంతులు బండ తుడిచేయడం, రెండూ ఒకటేనేమో. మమ్మల్ని దొంగలన్నవాళ్లది అబద్ధం. ఆ అబద్ధాన్ని కాదనడానికి మేము ఎప్పుడూ ఎవరిదీ తీసుకోనివాళ్లం కానక్కర్లేదు. మిగతా మనుషులు ఎలా ఉంటారో అలా ఉంటే చాలు.

ఇక్కడ మా ముగ్గురిలోనే ఒక ఎదురు వాదం వచ్చింది, అదీ రాయాలి. ఇంత లెక్క మనమే ఎందుకు వేసుకోవాలి? పట్నంలో ఉన్నోళ్ల కొడుకు పీజీ చదువుతుంటే వాళ్లమ్మ వండి పెడుతుంది, పనిమనిషి బట్టలుతుకుతుంది, డ్రైవరు దించి వస్తాడు. ఇంతమంది కాలం వాడి చదువులోకి పోతోంది. వాణ్ని ఎవరైనా అడిగారా? గిరిజనుడు చదివితే మాత్రం "జాతికి ఏం చేస్తావు, తండాకు ఏం చేస్తావు" అని మొదటి రోజునుంచీ అడుగుతారు. ఒంటి టీచరు బడి పెట్టింది పంతులా? గిరిజన విద్యార్థుల జాతీయ ఫెలోషిప్పులు ఏడాదికి 750 ఉన్నాయి, అవి పూర్తికాలం పరిశోధన చేసేవాళ్లకే. ఉద్యోగం వదిలితే ఇంట్లో పొయ్యి వెలగదు, వదలకపోతే ఫెలోషిప్పు లేదు. యూజీసీ 2022లో తెచ్చిన నియమాల్లో పనిచేస్తూ పార్ట్‌టైంగా పీహెచ్‌డీ చేయొచ్చు, పనిచేసే చోటు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తెస్తే చాలు. ఆ ఒక్క కాగితం కోసం మాకు తెలిసిన ఒకాయన ఎన్నిసార్లు ఒక ఆఫీసు మెట్లెక్కాడో ఆయన మోకాళ్లను అడగాలి. మనుషులను రెండు చోట్ల ఉండేలా చేసి, రెండు చోట్లా లేరని తప్పు పట్టడం ఏం న్యాయం?

ఈ వాదంలో ప్రతి ముక్కా నిజమే. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో పెట్టినప్పుడు, పని మానుకోలేనివాళ్లు కూడా చదవాలన్నదే ఉద్దేశం. చదువు పనిచేసేవాడి దగ్గరికి వచ్చింది, కాలం మాత్రం రాలేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలే. ఎవరివో ఒకరివి తీసుకోక తప్పదు. తప్పు ఎవరిదంటే మాది కాదని గట్టిగానే చెప్తాము.

కానీ తప్పు మాది కానంత మాత్రాన ఆ నాలుగు రోజులు ఎక్కడికీ తిరిగిపోలేదు. ఆ పిల్లోడికి సర్కారు మీద కోపం తెలియదు, సారు రాలేదన్నదే తెలుసు. కరువొచ్చి అప్పు చేసినా అప్పు అప్పే. కరువు నీ తప్పు కాదు కాబట్టి తీర్చనక్కర్లేదని మన పెద్దలు ఎన్నడూ అనలేదు. పట్నం పిల్లోడికీ మాకూ తేడా ఒక్కటే. వాడు ఎవరి కాలం వాడుకున్నాడో వాడికి కనబడదు. మాకు కనబడుతుంది, పేర్లతో సహా. దీన్ని శాపమనుకోవాలో మేలనుకోవాలో మాలో ముగ్గురికి మూడు మాటలు. అక్క మేలంటుంది.

ఆ అక్కే తన ఇంటి సంగతి మాత్రం చివరిదాకా చెప్పలేదు. పెద్దకూతురు పదో తరగతి. అక్క పరీక్షలకు చదివే నెలలో ఇంటి వంట ఆ పిల్లదే. ఒక రాత్రి తల్లీకూతుళ్లు ఒకే బల్బు కింద చదువుతుంటే, పొయ్యి మీద పప్పు పొంగితే ఎవరు లేవాలి అన్న దగ్గర వచ్చిందట. ఇద్దరూ లేవలేదు, పప్పు మాడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆ పిల్ల, "అమ్మా, నువ్వు ఫెయిలైతే మళ్లీ రాయొచ్చు, నాదేమో పది" అంది. అక్కకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూతురు అన్నదాంట్లో కోపం లేదు, లెక్క ఉంది.

"జాతి కోసం చదువుతున్నాం" అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మన యువకులు ఈ మాటను ఎక్కువగా వాడుతున్నారు. థర్‌స్టన్ రాసిన దాన్ని మనవాళ్లే తిరగరాయాలి, నిజమే. కడపలో సి.పి.బ్రౌన్ పేరుతో ఉన్న గ్రంథాలయంలో కూర్చుని పాత పుస్తకాలు తిప్పినప్పుడు, మన ఇండ్లలో పుట్టినవాళ్లు రాసినవి అందులో ఎన్ని కనబడతాయి అని మాకూ గుబులు కలిగింది. కానీ 'జాతి' అన్నది చాలా పెద్దది, అది ఎవరినీ బాకీ అడగదు. ఐదో తరగతి పిల్లోడు అడుగుతాడు. జాతి పేరు చెప్పి వాడి బాకీ ఎగ్గొట్టడం తేలిక. ఆ పిల్లోడూ జాతే కదా అని పంతులు అంటే మేము బదులు చెప్పలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, పెద్దదేం కాదు. రెండో ఏడు పరీక్షల తేదీలు వచ్చినప్పుడు పంతులు సెలవు చీటీ పెట్టకముందే తండాలో నాయక్ ఇంటి ముందర అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇన్ని రోజులు పోతాను, పక్క ఊరి టీచరు వస్తారో రారో తెలియదు, రాని రోజులన్నీ ఆదివారాలు చెప్పి తీరుస్తాను, సరేనంటే పోతాను అన్నాడు. తండా ఊరికే సరే అనలేదు, బేరమాడింది. ఒక ముసలామె, "ఆదివారం మేకలెవురు మేపుతారు?" అని అడిగింది. ఇంకొకామె, "నువ్వు పాసైతే ఇక్కడే ఉంటావా, కడపకు పోతావా?" అంది. రెండో దానికి పంతులు తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. చివరికి ఆదివారాలు పొద్దున మేకలు తోలకముందు రెండు గంటలని తేలింది.

బట్టలంగడి తమ్ముడు ఈసారి యజమానిని ముందే అడిగాడు. అన్నట్టే ఆయన ఇవ్వలేదు. దసరా బేరాలప్పుడు గంట ఎక్కువ నిలబడితే ఒకరోజు ఇస్తానన్నాడు, ఒక రోజే ఇచ్చాడు. ఒక పేపరు పోయింది, మళ్లీ రాయాలి. అక్క ఈసారి టీకాల శనివారం వస్తే గడి ఖాళీగా వదిలేయమని మాకు చెప్పింది. వదిలేశాము. మార్కులు తగ్గాయి. ఆమె దాని గురించి పెద్దగా మాట్లాడలేదు, మేమూ అడగలేదు. కూతురు పది పాసైంది.

పరీక్షల్లో తండా బడికి ఐదు రోజులు పోయాయి. ఆ పిల్లోడు ఇప్పుడు ఆరో తరగతికి పోయాడు. పోతూ పోతూ తన చెల్లెలికి చాక్‌పీసు ఇచ్చి పోయాడు. వరండా బండ మీద మళ్లీ వరసలున్నాయి. పంతులు ఈసారి తుడవలేదు. ఒక్కో ఆదివారం అయినప్పుడల్లా ఆ పిల్ల ఒక "రాలేదు" మీద అడ్డగీత గీస్తోంది. మేము ఇది రాసే నాటికి మూడు గీతలు పడ్డాయి, రెండు ఉన్నాయి.